ముక్కు కోడలు

నేను వాసన చూసి, బావుందని సంతకం పెట్టి ఫ్రాన్స్‌కి పంపిన వట్టివేరు నూనెలో మూడో వంతు అసలు వట్టివేరే కాదని మంగళవారం పొద్దున్న, ఇడ్లీ కుక్కర్ పొయ్యి మీద పెట్టాక తెలిసింది.

ఈమెయిల్ నా పేరు మీదే వచ్చింది. ఫ్రాన్స్‌లో మా నూనె కొనేవాళ్ళు చాలా మర్యాదగా రాశారు. అందుకే ఎక్కువ భయం వేసింది. ఈ ఏడాది మేం పంపిన సరుకులోంచి మూడు బ్యాచ్‌లు తీసి ల్యాబ్‌లో పరీక్ష చేయించారట. మూడింటిలోనూ దేవదారు నూనె కలిసి ఉందట. సర్టిఫికెట్ల మీద నా ఒక్కదాని సంతకమే ఉంది కాబట్టి శుక్రవారం ఉదయం పదకొండు గంటలకి వీడియో కాల్‌లో వాళ్ళ ఆడిటర్‌కి నేనే వివరణ ఇవ్వాలట. ఇది పొరపాటో మోసమో అప్పుడు తేల్చుకుంటారు. మోసం అని తేలితే లాయర్లకి అప్పగిస్తారు.

"రేణూ, పొయ్యి మీద ఏదో మాడుతోంది" అంది అత్తయ్య హాల్లోంచి.

కుక్కర్ అడుగున నీళ్ళు పొయ్యడం మర్చిపోయాను. మూత సందులోంచి సన్నగా పొగ వస్తోంది. నేను దానికి అడుగు దూరంలో నిలబడి ఉన్నాను.

అత్తయ్య వచ్చి స్టవ్ కట్టేసి నా ముక్కు వంక చూసింది. మొహం వంక కాదు, ముక్కు వంకే. "దేశదేశాల నూనెలూ వాసన చూస్తావు. ఇంట్లో గిన్నె మాడితే తెలియదు" అంది. ఆవిడ పేరు కృష్ణకుమారి. ఆర్నెల్లు ఉండి వెళదామని ఏప్రిల్‌లో బాపట్ల నుంచి అమెరికాలో మా అల్ఫారెట్టా ఇంటికి వచ్చింది. ఆవిడ ఎత్తిపొడుపుగా అన్న మాట నిజమని ఆవిడకి తెలియదు.

జనవరి నుంచి నాకు ఏ వాసనా తెలియడం లేదు.

అప్పుడు ఇంట్లో అందరికీ జ్వరం వచ్చింది. అందరికీ తగ్గింది. నాకు తగ్గాక కాఫీ తాగితే వేడినీళ్ళు తాగినట్టుంది. నాలుగు రోజుల్లో వస్తుందిలే అనుకున్నాను. నాలుగు వారాలైంది, ఏడు నెలలైంది. అప్పట్నుంచి ఈ ఇంటిని నేను భయంతోనే నడుపుతున్నాను. గ్యాస్ లీకైనా తెలియదు కాబట్టి స్టవ్ నాబ్‌లు ఒక్కొక్కటీ మూడుసార్లు తిప్పి చూస్తాను. పాలు బావున్నాయో లేదో మా అమ్మాయి నైనిక చేత ఒక గుక్క తాగించి దాని మొహం చూసి తెలుసుకుంటాను, తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్ళి నన్ను నేను తిట్టుకుంటాను. పోపులో ఇంగువ వేశానో లేదో గుర్తుండటానికి డబ్బా మూత బోర్లా పెడతాను. నా ఒళ్ళు ఎలా ఉందో నాకే తెలియదు కాబట్టి రోజుకు రెండుసార్లు స్నానం. నైనిక స్కూల్నుంచి వచ్చి భుజం మీద తల వాల్చినప్పుడు దాని జుట్టు వాసన కోసం గట్టిగా ఊపిరి పీలుస్తాను. గాలి మాత్రమే వస్తుంది. డాక్టర్ దగ్గరికి వెళితే ఇన్సూరెన్స్ వాళ్ళ కాయితం ఇంటికొస్తుంది, దాన్ని మా ఆయన చక్రధర్ తెరుస్తాడు. అందుకని గ్రోసరీ స్టోర్ పార్కింగ్‌లో కారు ఆపుకుని, లవంగం సీసా ఒకటి, నిమ్మ సీసా ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని, చిన్నప్పటి వాసనలు గుర్తు తెచ్చుకుంటూ కూర్చుంటాను. ఇలా చేస్తే తిరిగి వస్తుందని ఎక్కడో చదివాను. చూసినవాళ్ళు ఆవిడెవరో ఏడుస్తోందనుకుంటారు. ఒక్కోసారి అది కూడా నిజమే.

ఎందుకు చెప్పలేదంటే, ఈ ఇంట్లో నేనున్నదే ముక్కు కోసం. పెళ్ళిచూపులకి మా మామగారు రాజారావు గారు జేబులో వట్టివేరు నూనె అద్దిన మూడు దూది ఉండలు వేసుకుని వచ్చారు. బాపట్ల ఇసుక నేలల్లో వాళ్ళకి వట్టివేరు తోటలూ, నూనె తీసే బట్టీ ఉండేవి. ఆయన వంట వచ్చా అని అడగలేదు, పాట పాడమనలేదు. దూది ఉండలు ఒక్కొక్కటే చేతికిచ్చి ఏది ముదురు వేరు, ఏది లేత వేరు చెప్పమన్నారు. మొదటి రెండూ చెప్పాను. మూడోది ఎప్పుడో కిరసనాయిలు పోసిన డబ్బాలో తెచ్చిన నూనె అన్నాను. ఆయన లేచి నిలబడ్డారు. "జాతకాలు చూడక్కర్లేదు, ముక్కు చూశాం, చాలు" అన్నారు. ఆ రోజు నుంచి చుట్టాలందరికీ నేను ముక్కు కోడల్ని.

ఆరేళ్ళ క్రితం చక్రధర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, ఇక్కడ మా గరాజ్‌లో నాలుగు క్యాన్లతో కంపెనీ పెట్టాడు. తండ్రి బట్టీని ప్రపంచానికి పరిచయం చేస్తానన్నాడు. క్యాన్లు కడిగింది నేను. లేబుళ్ళు అంటించింది, కస్టమ్స్ కాయితాలు నింపింది నేను. రెండు వేసవులు బాపట్లలో ఉండి, ఇసుకలో నడిచి, వట్టివేరు పండించే అరవై మంది ఆడవాళ్ళని ఒప్పించాను: పద్దెనిమిది నెలలు నిండాకే వేరు తవ్వాలి, తవ్విన చోటే పిలక నాటాలి, నేలని గుల్ల చెయ్యకూడదు, ఊరి ధర కంటే ఎక్కువ ఇస్తాం. ఆ మాటలే వెబ్‌సైట్‌లో 'సస్టైనబుల్' అయ్యాయి. దాంతో జపాన్ వచ్చింది, దుబాయ్ వచ్చింది, ఆఖరికి ఫ్రాన్స్ వచ్చింది. గరాజ్ పోయి గోడౌన్ వచ్చింది. అట్లాంటా తెలుగువాళ్ళ బిజినెస్ మీటింగుల్లో చక్రధర్ మైకు పట్టుకుని "మా ఆవిడ ముక్కే మా కంపెనీకి పెట్టుబడి" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. జీతం సంగతి ఒక్కసారే ఎత్తాను. మామగారు అప్పటికింకా బతికే ఉన్నారు. ఫోన్లో ఆప్యాయంగానే అన్నారు, "ముక్కు దేవుడిచ్చింది కదమ్మా, దానికి జీతమేంటి?" చక్రధర్ అన్నది వేరు. "ఇంట్లో మనిషికి జీతమిస్తే అది ఇల్లెందుకవుతుంది రేణూ, ఆఫీస్ అవుతుంది." కానీ సర్టిఫికెట్ మీద నా పేరు కింద 'హెడ్ ఆఫ్ క్వాలిటీ' అని ఉంటుంది. అక్కడ మాత్రం నేను ఇంటి మనిషిని కాదు.

అలాంటి చోట వాసన పోయిందని ఎలా చెప్పను? చెప్పలేక సంతకాలు పెట్టాను. ఈ ఏడాది పదకొండు బ్యాచ్‌లు. ఎప్పటిలాగే పేపర్ పట్టీ మీద చుక్క వేసి, మూడుసార్లు ఊపి, కళ్ళు మూసుకుని, కాసేపాగి "బావుంది" అనేదాన్ని. రంగు చూసేదాన్ని, చిక్కదనం చూసేదాన్ని. మార్చిలో ఒకసారి నూనె కాస్త పల్చగా జారినట్టనిపించి చక్రధర్‌ని అడిగాను. "గోడౌన్‌లో హీటింగ్ పెంచాను, అందుకే" అన్నాడు. నమ్మాను. నమ్మకపోతే ఇంకేం చెయ్యాలో నాకు తెలియదు.

ఇడ్లీలు పారేసి, ఫోన్ పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగాను. చక్రధర్ అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు.

"చూశాను. నాకూ కాపీ పెట్టారు" అన్నాడు నేను నోరు తెరవకముందే.

"ఎలా జరిగిందండీ?"

"నువ్వు చెప్పాలి. వాసన చూసింది నువ్వే కదా."

మెట్టు మీద కూర్చున్నాను. "నరసింహ కలిపి ఉంటాడంటారా?" అన్నాను. నరసింహ ఆయన చిన్నాన్న కొడుకు, బాపట్లలో బట్టీ చూసుకుంటాడు.

"ఎవరు కలిపితేనేం. పట్టుకోవలసిన ముక్కు పట్టుకోలేదు" అన్నాడు. అరవలేదు. అరిస్తే కాస్త తేలిగ్గా ఉండేది.

గరాజ్‌లోకి వెళ్ళి నరసింహకి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి భోజనాల వేళ. విషయం చెప్పాను. "వదినా, పెద్దనాన్న బతికున్నప్పుడు ఎలా తీశానో ఇప్పుడూ అలాగే తీస్తున్నాను. సీలు వేసేది నేనే. నా మీద అనుమానమైతే వచ్చి బట్టీ చూసుకోండి" అన్నాడు. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుంది. అంటే తప్పు నాదే అనుకున్నాను. సీలు విప్పిన దగ్గర్నుంచి ఆ నూనెకి కాపలా నేనే.

బుధవారం పొద్దున్న చక్రధర్ ఒక కాయితం ప్రింట్ తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. ఇంగ్లీషులో నాలుగు లైన్లు. రేణుక అనే నేను ఈ బ్యాచ్‌లను సరిగ్గా పరీక్షించకుండానే ఆమోదించాను. ఇది పూర్తిగా నా వ్యక్తిగత నిర్లక్ష్యం. కంపెనీ యాజమాన్యానికి ఈ విషయం తెలియదు. కింద నా పేరు, గీత.

"కాల్‌లో ఇది చదివేసెయ్. నిర్లక్ష్యం వేరు, మోసం వేరు. నిన్నేం చేస్తారు? నీకు జీతం లేదు, షేర్లు లేవు, నీ దగ్గరేం లాక్కుంటారు? కంపెనీ మీదికొస్తే ఆ అరవై మంది ఆడవాళ్ళూ రోడ్డున పడతారు. వాళ్ళని ఇందులోకి తెచ్చింది నువ్వే, గుర్తుంచుకో."

"వచ్చే నెల నా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఉంది."

"అదంతా వేరు. లాయర్‌ని అడిగాను."

"ఎప్పుడడిగారు?"

"అడుగుతాలే" అన్నాడు కారు తాళాలు తీసుకుంటూ.

అత్తయ్య చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే "మొగుడి పేరు నిలబెట్టడానికి ఒక మాట పడితే అరిగిపోతావా? నేను పడలేదూ, మీ మామయ్యతో" అంది. ఏ మాట పడిందో చెప్పలేదు. ముప్పై ఏళ్ళు బట్టీ దగ్గర పొగలో నిలబడి ఆవిడ రెండు కళ్ళకీ ఆపరేషన్లయ్యాయి. ఏ వెబ్‌సైట్‌లోనూ ఆవిడ ఫోటో లేదు.

మధ్యాహ్నం పెన్ను తీశాను. నిజం చెప్పాలంటే ఆ కాయితంలో అబద్ధమేముంది? నేను పరీక్షించలేదు. పరీక్షించినట్టు నటించాను. సంతకం పెట్టేస్తే వాసన సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది కూడా. సగం పేరు రాశాను. అప్పుడే నైనికని స్కూల్నుంచి తీసుకురమ్మని ఫోన్‌లో అలారం మోగింది.

దాన్ని ఎక్కించుకుని గోడౌన్‌కి వెళ్ళాను. దుబాయ్ పార్సిల్‌కి లేబుళ్ళు అంటించాలి. మోసగత్తెనని తేలినా లేబుళ్ళు అంటించేది నేనే. నైనికకి పన్నెండేళ్ళు. బ్యాక్‌ప్యాక్ కింద పడేసి, క్యాన్లు నింపే మూల దాకా వెళ్ళి ముక్కు చిట్లించింది.

"మామ్, ఇక్కడ ఎందుకు ఎప్పుడూ పెన్సిల్ షార్పెనర్ స్మెల్ వస్తుంది?"

చేతిలో లేబుల్ చేతిలోనే ఉండిపోయింది. పెన్సిళ్ళు చేసేది దేవదారు చెక్కతోనే.

"ఎప్పుడూనా?"

"యా. స్ప్రింగ్ బ్రేక్ హాలిడేస్‌కి వచ్చాను కదా, అప్పుడు కూడా. లైక్, షార్పెనర్ ఓపెన్ చేస్తే లోపల ఉంటుంది కదా, అలా. నీకు రావట్లేదా?"

"వస్తోంది" అన్నాను.

అది ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. నేను ఆ మూలకి వెళ్ళి నిలబడ్డాను. గోడ, కుళాయి, ఖాళీ డ్రమ్ములు. ఊపిరి పీల్చాను. ఏమీ లేదు. ఏడు నెలలుగా ఇక్కడే కూర్చుని లంచ్ తిన్నాను. నా కూతురికి ఇలా రాగానే తెలిసింది నాకు ముక్కు ముందున్నా తెలియలేదు. దేవదారు బాపట్ల నుంచి రాలేదు. ఇక్కడే ఉంది.

అప్పుడు సీసాలు గుర్తొచ్చాయి. మామగారికో అలవాటు ఉండేది. బట్టీలో దిగి వచ్చిన నూనెలోంచి ఒక చిన్న సీసా, బయటికి పోయే నూనెలోంచి ఒక చిన్న సీసా తీసి, తేదీ రాసి బీరువాలో పెట్టేవారు. "వచ్చినదానికీ పోయినదానికీ చెరో సాక్షి ఉండాలమ్మా" అని నాకూ నేర్పారు. చక్రధర్‌కి అది తండ్రి చాదస్తం. నేను మాత్రం ఏనాడూ మానలేదు. వాసన పోయాక కూడా, దేవుడి దగ్గర దీపం పెట్టినట్టు, డ్రమ్ము సీలు విప్పగానే ఒకటి, క్యాన్లు నింపాక ఒకటి తీసి ఇంట్లో బేస్‌మెంట్ బీరువాలో పెట్టాను. పాతవి ఏటా తీసేస్తాను. ఆ సాయంత్రమే ఈ ఏడాది ఇరవై రెండు సీసాలూ తువ్వాలులో చుట్టి కారు డిక్కీలో పెట్టుకున్నాను.

గురువారం పొద్దున్నే స్మృతి దగ్గరికి వెళ్ళాను. వరంగల్ అమ్మాయి, నైనిక చిన్నప్పుడు పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండేది. ఇప్పుడు అట్లాంటాలో నూనెలూ మందులూ పరీక్షించే ల్యాబ్‌లో పని. పార్కింగ్‌లోనే నన్ను చూసి "ఏమైందే, గట్ల తెల్లగైనవ్?" అంది. కారులో కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. వాసన సంగతి మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. గొంతు నాది కానట్టుంది.

"ఏడు నెలలా? నాకన్న చెప్పకపోతివి" అంది. తర్వాత కోప్పడింది. "పదకొండింటికి సంతకం పెట్టినవా? రేణూ, అది ముగ్గు అనుకున్నవా, రోజూ పొద్దుగాల లేచి ఏసుడు?"

ఫ్రాన్స్ వాళ్ళు పరీక్షించిన మూడు బ్యాచ్‌ల సీసాలు, ఆరు, లోపలికి తీసుకెళ్ళింది. పద్ధతి ప్రకారం ఫారం నింపించి, నా చేతే ఫీజు కట్టించింది. మధ్యాహ్నం దాకా కారులోనే కూర్చున్నాను. రెండింటికి కాయితాలు పట్టుకొచ్చింది.

"వచ్చిన మూడు సీసాలు శుద్ధం. పోయిన మూడిట్ల దేవదారు ఉంది. డ్రమ్ము ఇండియాకెల్లి మంచిగనే వచ్చింది, ఖరాబైంది ఈడ్నే. గోడౌన్ తాళాలు ఎవరి దగ్గరుంటయ్?"

"మా ఇద్దరి దగ్గర."

"ఆ ఇద్దర్ల నువ్వొకతివి. గది యాది పెట్టుకో." నా మొహం చూసి గొంతు తగ్గించింది. "కానీ దొంగ తన మీదికే సాక్ష్యం దాచి పెట్టుకోదు. ఈ సీసాలు నీయి. గిది కూడ యాది పెట్టుకో."

ఇంటికి బయల్దేరాను. పదిహేనేళ్ళు ఒక మనిషి పక్కన పడుకున్నాను. ఆయన గురక ఎప్పుడు మొదలవుతుందో తెలుసు, ఏ కూర వడ్డిస్తే పక్కకి నెడతాడో తెలుసు. ఆయనే ఇంత పని చేసి, నా పేరు రాసిన కాయితం నా ముందే పెట్టి, తాళాలు ఊపుకుంటూ వెళ్ళగలడని తెలియదు. ఇంకా నమ్మబుద్ధి కాలేదు. మూడో మనిషెవరైనా ఉంటే బావుండునని అట్లాంటా నుంచి అల్ఫారెట్టా దాకా వెతుక్కుంటూ వచ్చాను.

చక్రధర్ వంటింట్లో ఉన్నాడు. ఆ వేళకి ఎప్పుడూ ఇంట్లో ఉండడు. అత్తయ్య టీ పెడుతోంది.

"ఎక్కడికెళ్ళావ్? ఫోన్‌లో లొకేషన్ అట్లాంటా మిడ్‌టౌన్ చూపించింది. అయిదు గంటలు."

"స్మృతికి పచ్చడి ఇచ్చి, కాసేపు కూర్చుని వచ్చాను."

"ఏం పచ్చడి?"

"గోంగూర. అత్తయ్య తెచ్చింది."

ఆయన వాళ్ళమ్మ వైపు తిరిగాడు. అత్తయ్య టీ వడకడుతూ "నేను తెచ్చిందేరా. ఆడవాళ్ళ పచ్చళ్ళ గొడవ నీకెందుకు?" అంది.

ఆయన కప్పు తీసుకుని రెండు గుక్కలు తాగాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "అవునూ, నాన్న సీసాల చాదస్తం ఇంకా చేస్తున్నావా? బేస్‌మెంట్‌లో బీరువా ఖాళీగా ఉంది" అన్నాడు.

సింక్ వైపు తిరిగి గిన్నె మీద నీళ్ళు వదిలాను. "అవెప్పుడో పారేశాను. మార్చిలో. చోటు చాలక."

"మొత్తమా?"

"మొత్తం."

"మంచి పని చేశావ్" అన్నాడు. ఆ మూడు రోజుల్లో మొదటిసారి ఆయన భుజాలు కిందికి దిగాయి. నా భుజం తట్టి వెళ్ళాడు. తట్టిన చోట చర్మం చాలాసేపు చల్లగా ఉంది. నేను వెతుక్కుంటున్న మూడో మనిషి ఇక లేడు.

ఆయన మెట్లు దిగిన చప్పుడు విన్నాక అత్తయ్య నా పక్కకొచ్చి కుళాయి కట్టింది. "నేను తెచ్చింది ఆవకాయ" అంది. ఇంకేం అడగలేదు. టీ కప్పు తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం ఎనిమిదింటికి నైనికని స్కూల్ దగ్గర దింపి, అక్కడే కారు ఆపి ఫోన్ తీశాను. ఆడిటర్‌కి మెయిల్ రాశాను. ఆరు రిపోర్టులూ జత చేశాను. మిగిలిన పదహారు సీసాలూ మీ ల్యాబ్‌కే పంపుతాను అన్నాను. కల్తీ మా గోడౌన్‌లోనే జరిగిందనీ, తాళాలు నాకూ నా భర్తకీ మాత్రమే ఉన్నాయనీ రాశాను. చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. ఇది రాస్తే ఇంట్లో నా చోటు పోతుంది, పని పోతుంది, బహుశా దేశమే పోతుంది. బాపట్లలో అరవై మంది నా మాట మీద పద్దెనిమిది నెలలు ఆగుతున్నారు, వాళ్ళకేమవుతుందో తెలియదు. రాయకపోతే మిగిలేది నా పేరు కింద ఇంకొకరు రాసిన నాలుగు లైన్లు. రాశాను. 'జనవరి నుంచి నాకు వాసన తెలియదు. పదకొండు బ్యాచ్‌లకు వాసన చూడకుండానే సంతకం పెట్టాను. అది నా తప్పు, అంతవరకే నాది.' పంపేశాను.

పదిన్నరకి గోడౌన్‌లో అడుగు పెట్టేసరికి చక్రధర్ అన్నీ సర్ది పెట్టాడు. టేబుల్ మీద ల్యాప్‌టాప్, దాని పక్కన నేను సగం సంతకం పెట్టి వదిలేసిన కాయితం, గ్లాసుతో మంచినీళ్ళు. కుర్చీ కూడా తుడిచినట్టుంది. పదిహేనేళ్ళలో నాకోసం కుర్చీ వెయ్యడం అదే మొదలు.

"కూర్చో. మెల్లగా చదువు. ఎక్స్‌ట్రా ఏం మాట్లాడకు" అన్నాడు.

నేను కూర్చోలేదు. తలుపుకి దగ్గరగా నిలబడ్డాను. కారు తాళం గుప్పిట్లో ఉంది.

"నేను పొద్దున్నే మెయిల్ పెట్టాను."

"ఏమని?"

"సీసాలు పారెయ్యలేదు. వచ్చిన నూనె, పోయిన నూనె, రెండిటి రిపోర్టులూ పంపాను. దేవదారు ఇక్కడే కలిసిందని రాశాను."

బయట ట్రక్కు ఏదో వెనక్కి వస్తూ బీప్ బీప్‌మంటోంది. అది ఆగేదాకా ఆగాను. ఏడు నెలలుగా ఏ మాట గొంతు దాటితే ప్రపంచం కూలిపోతుందనుకున్నానో, ఆ మాట ఇప్పుడు ఆయనకే చెప్పాలి. దీనికి ఆయన ఏమంటాడో వందసార్లు ఊహించుకున్నాను. అరుస్తాడు. నవ్వుతాడు. వాళ్ళమ్మని పిలుస్తాడు.

"ఇంకొకటి కూడా రాశాను. నాకు జనవరి నుంచి వాసన తెలియడం లేదు."

చక్రధర్ నాకోసం వేసిన కుర్చీలో తనే కూర్చున్నాడు. మంచినీళ్ళ గ్లాసు తీసుకుని సగం తాగాడు.

"తెలుసు" అన్నాడు. "ఫిబ్రవరి నుంచీ తెలుసు. నీ వాలకం చూసి అనుమానం వచ్చింది. ఒకరోజు పట్టీ మీద ఉత్త దేవదారు వేసి నీ చేతికిచ్చాను. వట్టివేరు చుక్క కూడా లేదందులో. నువ్వు మూడుసార్లు ఊపి, కళ్ళు మూసుకుని, 'ముదురు వేరు, బావుంది' అన్నావు. జాలేసింది రేణూ. డాక్టర్ దగ్గరికి తీసుకెళదామనే అనుకున్నాను, ఒట్టు. కానీ అప్పటికే ఫ్రాన్స్ వాళ్ళ ఆర్డర్ ఒప్పేసుకున్నాను. బట్టీలో అంత నూనె లేదు. పద్దెనిమిది నెలలు నిండకుండా వేరు తవ్వకూడదని నువ్వే రాయించావు, ఎక్కణ్ణుంచి తెచ్చేది? నీ ముక్కు పనిచేస్తుంటే నాకు ఆ ధైర్యం వచ్చేదే కాదు. మొదటి క్యాన్ నేనే కలిపాను. తర్వాతవీ నేనే. నరసింహకి తెలియదు, అమ్మకీ తెలియదు. ప్రతి బ్యాచ్‌కీ ముందు నీకో పట్టీ ఇచ్చి చూసుకునేవాణ్ణి, వాసన తిరిగొచ్చిందేమోనని. ఏ రోజుకారోజు గండం గడిచినట్టుండేది. నీకది ఇంకెప్పటికీ రాకూడదని రోజూ పొద్దున్నే దండం పెట్టుకున్నాను."